బెర్లిన్‌కి కొత్తగా వచ్చిన తెలుగు అమ్మానాన్నలకు: పిల్లల ఆటపాటల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచి బెర్లిన్ వచ్చి మాకు ఏడేళ్లయింది. వచ్చినప్పుడు పాపకి నాలుగేళ్లు, బాబుకి ఏడాది కూడా నిండలేదు. కొత్తగా వచ్చే మనవాళ్లు ఫోన్ చేస్తే ఇల్లు, అన్మెల్డుంగ్ (అంటే చిరునామా నమోదు), కిటా (అంటే బడికి ముందు పిల్లల్ని పంపే డేకేర్), ఈ మూడూ అయ్యాక నాలుగో మాట ఇదే: "అక్కా, పిల్లల్ని ఎక్కడ ఆడించాలి, ఇంట్లో ఉండలేకపోతున్నారు." ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. నాకు తెలిసింది బెర్లిన్ కాబట్టి బెర్లిన్ సంగతులే రాశాను, జర్మనీలో వేరే ఊళ్లో ఉన్నవాళ్లకి కూడా ఇందులో చాలా వరకు పనికొస్తుంది.

వచ్చి వారమే అయింది, ఎవరూ తెలియదు. ముందు ఎక్కడికి వెళ్లాలి?

మీ ఇంటికి దగ్గర్లో ఉన్న ష్పీల్‌ప్లాట్స్‌కి, అంటే పిల్లల ఆటస్థలానికి. ఎంత పెద్దది, ఎంత బాగుంది అని చూడకండి, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంటే చాలు. టికెట్ ఉండదు, ఆదివారం ఊళ్లో షాపులన్నీ మూసేసినా అది మాత్రం తెరిచే ఉంటుంది.

నేను చేసిన పొరపాటు చెప్తాను. మొదటి రెండు నెలలు మ్యాప్ పెట్టుకుని రోజుకో పార్కు తిప్పాను, పిల్లలు అన్నీ చూడాలి కదా అనుకుని. అన్నీ చూశారు కానీ ఒక్క మనిషి కూడా పరిచయం కాలేదు. ఎందుకంటే ఇక్కడ జనం మొదటిసారి చూసి మాట కలపరు. మన దగ్గర లిఫ్టులో కలిసినా "ఏ ఫ్లాట్ అండీ మీది" అని అడుగుతారు, ఇక్కడ అలా ఉండదు, అది పొగరు కాదు, పద్ధతే అంత. అదే మనిషి అదే బెంచీ మీద పదోసారి కనిపించాక "హలో" అంటారు, ఆ తర్వాత చాలా త్వరగా దగ్గరవుతారు. కాబట్టి ఒకే చోటికి, ఒకే టైముకి, రోజూ వెళ్లండి. కిటా నుంచి పిల్లల్ని మూడు, నాలుగు గంటల మధ్య తీసుకుని చాలామంది నేరుగా ఆటస్థలానికే వస్తారు, మీరూ ఆ టైముకే వెళ్లండి. ఉదయం పదకొండింటికి వెళ్తే ఖాళీ ఉయ్యాలలే ఉంటాయి.

ఏమేం తీసుకెళ్లాలి?

ఇక్కడ ఆటస్థలం అంటే ముందు ఇసుక. ఉయ్యాల కింద ఇసుక, జారుడుబల్ల కింద ఇసుక, కొన్నిచోట్ల చేత్తో కొట్టే నీళ్ల పంపు కూడా ఉంటుంది, అంటే ఇసుకతో పాటు బురద. ఒక బకెట్, ఒక పార, రెండు అచ్చులు కొనండి, మార్కర్‌తో పేరు రాయండి. పేరు ఎందుకంటే అక్కడ బొమ్మలన్నీ కలిసిపోతాయి. ఒకరి పార ఇంకొకరు తీసుకోవడం మామూలే, వెళ్లేటప్పుడు ఎవరివి వాళ్లకి ఇచ్చేస్తారు. మీ పిల్లాడి బకెట్ వేరే పిల్ల పట్టుకుపోయిందని కంగారు పడకండి. ఒక జత బట్టలు, నీళ్లు, కోసిన యాపిల్ ముక్కలు, తడి వైప్స్. ఇంతే.

బకెట్లూ సైకిళ్లూ కొత్తవి కొనక్కర్లేదు. వీధుల్లో ఇళ్ల గుమ్మాల ముందు "త్సు ఫెర్షెంకెన్" అని రాసిన అట్టపెట్టెలు కనిపిస్తాయి, ఉచితంగా తీసుకోవచ్చని అర్థం. తీసుకోవడానికి మొహమాటపడకండి, ఇక్కడ అందరూ తీసుకుంటారు.

ఆ తాళ్ల నిచ్చెనలు, అంత ఎత్తు! పడితే? చూస్తేనే టెన్షన్‌గా ఉంది.

నాకూ ఉండేది. ఈ పరికరాలన్నిటికీ యూరప్ అంతటా ఒక ప్రమాణం ఉంది, ఈఎన్ 1176 అంటారు. దాని ప్రకారం పిల్లలు పడగలిగే ఎత్తు 3 మీటర్లు మించకూడదు, ఎత్తును బట్టి కింద ఇసుకో చెక్కపొట్టో రబ్బరో ఉండాలి. అంటే ప్రమాదం అసలు లేకుండా కట్టరు, పిల్లలకి తెలిసేంత ప్రమాదం ఉంచి, పెద్ద దెబ్బ తగలకుండా చూస్తారు.

ఇక్కడి తల్లిదండ్రులు పాటించేది ఒకటుంది: పిల్ల తనంతట తాను ఎక్కలేకపోతే అది ఇంకా తన కోసం కాదు. ఎత్తి పైన కూర్చోబెట్టరు. మా బాబుకి రెండేళ్లప్పుడు ఒక తాళ్ల వల దగ్గర నిలబడి "అమ్మా, ఎత్తు" అని ఏడ్చేవాడు. నేను ఎత్తబోతుంటే పక్కనున్న ఒక పెద్దావిడ మెల్లగా తల అడ్డంగా ఊపింది. ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. మూడు వారాల పాటు వాడు రోజూ మొదటి తాడు మీద కాలు పెట్టి దిగిపోయేవాడు, తర్వాత రెండో తాడు. ఒకరోజు నేను బాటిల్ మూత తిప్పి తలెత్తేసరికి నాలుగో తాడు మీద ఉన్నాడు, రెండు చేతులూ గట్టిగా బిగించి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని కింద కాలు ఎక్కడ వెయ్యాలా అని చూస్తున్నాడు. దిగడం కూడా వాడికి తెలుసు, ఎక్కింది వాడే కాబట్టి. అప్పుడు అర్థమైంది నాకు ఆవిడ ఏం చెప్పిందో. ఎత్తి కూర్చోబెట్టిన పిల్లలకి దిగడం రాదు.

మా పాపకి జర్మన్ ఒక్క ముక్క రాదు. ఎలా ఆడుకుంటుంది?

మూడు మాటలు నేర్పి పంపండి. "డార్ఫ్ ఇష్ మిట్‌ష్పీలెన్?" అంటే నేనూ ఆడొచ్చా అని. "ఇష్ బిన్ ద్రాన్" అంటే ఇప్పుడు నా వంతు. మూడోది "ష్టోప్", ఇది గట్టిగా చెప్పడం నేర్పాలి. ఎవరైనా నెట్టినా లాక్కున్నా పిల్లలు చెయ్యి అడ్డం పెట్టి ష్టోప్ అనాలని కిటాల్లో కూడా నేర్పుతారు, ఆ మాట వింటే ఎదుటి పిల్లలు ఆగుతారు.

మాకైతే దారి చూపింది తొక్కుడుబిళ్ల. ఇక్కడి పిల్లలు రంగు సుద్దలతో ఫుట్‌పాత్ మీద గళ్లు గీసి "హిమ్మెల్ ఉండ్ హ్యోల్లె" అని ఆడతారు, స్వర్గం నరకం అని అర్థం, చూస్తే మన తొక్కుడుబిళ్లే. మా పాప ఒక సాయంత్రం పక్కన నిలబడి చూసి చూసి, వాళ్ల గళ్ల పక్కనే మనం గీసినట్టు గీసి, గులకరాయి వేసి ఒంటికాలి మీద గెంతడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాల్లో ఆ పిల్లలు ఇటు వచ్చారు. ఎవరికీ ఎవరి భాషా రాదు, గీత తొక్కితే మాత్రం అందరూ ఒకేసారి అరిచారు. సుద్దల డబ్బా ఒకటి ఎప్పుడూ సంచిలో ఉంచుకోండి.

ఇంట్లో తెలుగు మానకండి. జర్మన్ దానంతట అదే వస్తుంది, తెలుగు మనం పట్టించుకుంటేనే ఉంటుంది.

చలికాలం ఏం చెయ్యాలి?

చలికాలం కూడా బయటికే. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది, అందుకే వారాంతాల్లో పగలు ఉన్నప్పుడే వెళ్లాలి. చెడ్డ వాతావరణం అంటూ లేదు, చెడ్డ బట్టలే ఉన్నాయి అని ఇక్కడొక సామెత. మొదట్లో ఆ మాట వింటే విసుగొచ్చేది, ఇప్పుడు నేనే అందరికీ చెప్తున్నాను. మాచ్‌హోజె అనే బురద ప్యాంటు కొనండి, రబ్బరు బట్టతో భుజాల దాకా వస్తుంది, ఉన్ని లోదుస్తుల మీద వేస్తే పిల్లలు నీళ్ల గుంటలో కూర్చున్నా తడవరు. చేతి గ్లౌజులు రెండు జతలు, ఒకటి కచ్చితంగా పోతుంది. జలుబు చేస్తుందని మన పెద్దవాళ్లు ఫోన్లో భయపెడతారు, కానీ ఇక్కడ కిటాలో ఏడాది పిల్లల్ని కూడా దాదాపు రోజూ బయటికి తీసుకెళ్తారు.

నవంబరు 11 చుట్టుపక్కల సాంక్ట్ మార్టిన్ లాంతర్ల ఊరేగింపు ఉంటుంది. పిల్లలు కాగితం లాంతర్లు చేసుకుని పాడుకుంటూ చీకట్లో నడుస్తారు. కిటాల వాళ్లు, చర్చిల వాళ్లు చేస్తారు, ఏ మతం వాళ్లయినా వెళ్లొచ్చు. కొత్తవాళ్లు చుట్టుపక్కల వాళ్లని కలవడానికి అంతకన్నా మంచి సాయంత్రం లేదు.

మూడేళ్లలోపు పిల్లలకి ఏముంటాయి?

ముందు మీ పేటలో ఫామిలియెన్‌ట్సెంట్రుమ్ ఎక్కడుందో వెతకండి, అంటే కుటుంబ కేంద్రం. వాటిలో క్రాబెల్‌గ్రుప్పెలు నడుస్తాయి, పాకే పిల్లలు కింద దొర్లుతుంటే అమ్మలు, నాన్నలు టీ తాగుతూ కూర్చుంటారు. చాలా వరకు ఉచితం, లేదా ఒకటి రెండు యూరోలు. వచ్చిన కొత్తలో నేను వారం మొత్తంలో పెద్దవాళ్లతో మాట్లాడింది ఆ గంటన్నరే. ఇంట్లో చిన్న పిల్లతో ఒంటరిగా ఉన్న తల్లులకి గట్టిగా చెప్తున్నాను, పిల్ల కోసం కాకపోయినా మీ కోసం వెళ్లండి.

రెండోది గ్రంథాలయం. బెర్లిన్ పబ్లిక్ లైబ్రరీల్లో పిల్లల కార్డుకి డబ్బు కట్టక్కర్లేదు. బొమ్మల పుస్తకాలే కాదు, బోర్డు గేములు, చాలాచోట్ల కథలు చెప్పే టోనీ బొమ్మలు కూడా ఇంటికి తెచ్చుకోవచ్చు.

డాన్సు, ఫుట్‌బాల్, జిమ్నాస్టిక్స్ లాంటివి ఎక్కడ చేర్పించాలి?

మన దగ్గరలా అకాడమీలు, కోచింగ్ సెంటర్లు వెతక్కండి. ఇక్కడ ఆటలన్నీ ఫెరైన్‌ల చుట్టూ తిరుగుతాయి. ఫెరైన్ అంటే రిజిస్టర్ అయిన సంఘం, సభ్యులే నడుపుతారు, కోచ్‌లు చాలామంది సాయంత్రం ఉద్యోగం అయ్యాక వచ్చే మామూలు తల్లిదండ్రులు. అందుకే ఫీజు తక్కువ, పిల్లలకి నెలకి పది ఇరవై యూరోల దగ్గర ఉంటుంది. స్కూళ్ల జిమ్ హాళ్లలోనే క్లాసులు జరుగుతాయి.

ఏడాదిన్నర నుంచి మూడేళ్ల దాకా అమ్మతోనో నాన్నతోనో కలిసి చేసే ఎల్టెర్న్ కింట్ టుర్నెన్ ఉంటుంది, ఆ తర్వాత పిల్లలు ఒంటరిగా వెళ్లే కిండర్‌టుర్నెన్. ఏది ఇష్టమో తెలియని పిల్లలకి ఇదే మంచిది, పరుగు, గెంతడం, దొర్లడం అన్నీ ఉంటాయి. ముందు ప్రోబెష్టుండె అడగండి, అంటే ఒకసారి చూసి నిర్ణయించుకునే క్లాసు, ఎక్కువచోట్ల ఉచితం.

రెండు జాగ్రత్తలు. ఒకటి, వెయిటింగ్ లిస్టులు చాలా పెద్దవి, ఒకేసారి మూడు నాలుగు చోట్ల పేరు రాయించండి, రెండు నెలలకోసారి మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. రెండు, మానేయాలంటే రావడం ఆపేస్తే సరిపోదు. రాతపూర్వకంగా చెప్పాలి, అదీ చాలా ఫెరైన్‌లలో అర్ధ సంవత్సరం చివరికో ఏడాది చివరికో, కొన్ని వారాల ముందే. చేరేటప్పుడే ఆ నియమం చదివి ఫోన్లో తేదీ పెట్టుకోండి.

ఈత తప్పనిసరా?

నా దృష్టిలో తప్పనిసరి. ఊరి చుట్టూ చెరువులు, ఎండ కాస్తే చాలు జనమంతా అక్కడే ఉంటారు, పుట్టినరోజు పార్టీలు కూడా కొలనుల దగ్గర పెడతారు. బెర్లిన్ బళ్లలో మూడో తరగతిలో ఈత నేర్పుతారు కానీ అప్పటిదాకా ఆగకండి.

మొదటి బ్యాడ్జి పేరు జేప్ఫెర్డ్‌షెన్, సముద్రపు గుర్రం. అంచు మీద నుంచి నీళ్లలోకి దూకి 25 మీటర్లు ఈదాలి, భుజాల లోతు నీళ్లలో అడుగున ఉన్న వస్తువుని చేత్తో తియ్యాలి, నీళ్ల దగ్గర పాటించాల్సిన నియమాలు తెలియాలి. పిల్లలు ఆ గుడ్డ బ్యాడ్జిని ఈత దుస్తుల మీద కుట్టించుకుని ఎంత గర్వంగా తిరుగుతారో. కానీ ఒక మాట, ఆ బ్యాడ్జి వచ్చినంత మాత్రాన ఈత వచ్చేసినట్టు కాదు. తర్వాతది బ్రాంజ్, అందులో 15 నిమిషాల్లో కనీసం 200 మీటర్లు ఈదాలి, అది వస్తేనే భద్రంగా ఈదగలరని ఇక్కడి ప్రాణరక్షణ సంఘాల వాళ్లు చెప్తారు. సముద్రపు గుర్రం చూసి పిల్లల్ని చెరువులో వదిలేయకండి.

కోర్సుల్లో చోటు దొరకడం కష్టం. మేం ఒక ప్రైవేటు ఈత బడిలో పేరు రాయించి ఎనిమిది నెలలు ఎదురు చూశాం. చోటు ఉందని మెయిల్ వచ్చింది, ఊరెళ్లి ఉన్నాం, మూడో రోజు జవాబిచ్చేసరికి ఇంకొకరికి ఇచ్చేశారు. మళ్లీ మొదటి నుంచి. అందుకని నాలుగేళ్లు నిండగానే పేరు రాయించండి, మెయిల్ రోజూ చూడండి, ఊరెళ్లినా సరే.

సైకిల్?

రెండేళ్లకే పెడల్ లేని చిన్న సైకిల్ ఇస్తారు, లౌఫ్‌రాడ్ అంటారు, కాళ్లతో నెట్టుకుంటూ వెళ్లడం. దానితో బ్యాలెన్స్ వచ్చేస్తే నాలుగేళ్లకి పెడల్ సైకిల్ ఒక్కరోజులో తొక్కేస్తారు, పక్క చక్రాలు అక్కర్లేదు. చట్టప్రకారం ఎనిమిదేళ్లు నిండేదాకా పిల్లలు ఫుట్‌పాత్ మీదో, రోడ్డు నుంచి విడిగా కట్టిన సైకిల్ దారి మీదో తొక్కాలి, పదేళ్లదాకా ఫుట్‌పాత్ మీద తొక్కొచ్చు. ఎనిమిదేళ్లలోపు పిల్లలతో పాటు ఒక పెద్దవాళ్లు కూడా ఫుట్‌పాత్ మీద తొక్కొచ్చు. బెర్లిన్‌లో యూగెంట్‌ఫెర్కేర్స్‌షూలె అని చిన్న చిన్న రోడ్లు, సిగ్నళ్లు కట్టి పెట్టిన ప్రాక్టీసు స్థలాలున్నాయి. మీ జిల్లాలో ఉన్నది పిల్లలందరికీ ఏ సాయంత్రాలు తెరుస్తారో అడగండి.

పిల్లలు ఇంట్లో గెంతితే కింది వాళ్లు గొడవ చేస్తారా?

2011లో జర్మనీ చట్టం మార్చింది. కిటాలు, ఆటస్థలాల నుంచి వచ్చే పిల్లల చప్పుడుని మామూలుగా శబ్ద కాలుష్యం కింద లెక్కపెట్టకూడదని రాసింది. ఈ దేశంలో నాకు బాగా నచ్చిన చట్టాల్లో అదొకటి. అపార్టుమెంటు సంగతి వేరు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా, ఆదివారం మొత్తం కొంచెం చూసుకోవాలి. వచ్చిన వారంలోనే కింది ఇంటి తలుపు తట్టి, పిల్లల్ని చూపించి, ఇబ్బంది అయితే చెప్పండి అని ఒక మాట అనండి. మేం కొన్ని సున్నుండలు తీసుకెళ్లాం. కింది ఆయన ఇప్పటికీ వాటి గురించి అడుగుతాడు.

వారాంతంలో పెద్ద పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి?

టెంపెల్‌హోఫర్ ఫెల్డ్. 2008లో మూసేసిన విమానాశ్రయం, 2010 నుంచి పార్కు. విమానాలు దిగిన రన్‌వే మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతారు, గాలిపటాలు ఎగరేస్తారు. సంక్రాంతికి ఇక్కడ చేతులు గడ్డకట్టే చలి, కాబట్టి మన గాలిపటాల సరదా సెప్టెంబరు, అక్టోబరులో తీర్చుకోండి, జర్మన్లు కూడా ఆకులు రాలే కాలంలోనే ఎగరేస్తారు. మాంజా మాత్రం వద్దు, మామూలు దారమే.

వూల్‌హైడె అడవిలో ఫెట్స్ అనే పెద్ద పిల్లల కేంద్రం ఉంది, తూర్పు జర్మనీ కాలంలో 1979లో కట్టింది. దాని పక్కనే చిన్న రైలు తిరుగుతుంది, అందులో సిగ్నళ్లు, టికెట్ల పనులు పిల్లలే చేస్తారు. వాన పడితే నాచురల్ హిస్టరీ మ్యూజియం, 13 మీటర్ల ఎత్తు దాటిన డైనోసార్ అస్థిపంజరం కింద నిలబడితే పెద్దవాళ్లకి కూడా మాట రాదు. ఆరేళ్లు దాటిన పిల్లలకి ఆబెంటాయెర్‌ష్పీల్‌ప్లాట్స్ చూపించండి, అక్కడ సుత్తి, మేకులు, రంపం ఇచ్చి పిల్లలతోనే గుడిసెలు కట్టిస్తారు, కొన్నింటిలో తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వరు. ఇండోర్ ఆటల హాళ్లు కూడా ఉన్నాయి, ఖరీదు ఎక్కువ, రొద ఎక్కువ, జారని సాక్సులు తీసుకెళ్లండి. నెలకోసారి చాలు.

అమ్మమ్మ, నానమ్మ వచ్చినప్పుడు వాళ్లు పిల్లల్ని ఆడించగలరా?

బ్రహ్మాండంగా. విజిటర్ వీసా మీద 90 రోజులుంటారు కదా, ఆ మూడు నెలలు పిల్లలకి పండగ. మా అత్తయ్య చీర మీద స్వెటర్, దాని మీద నా కోటు వేసుకుని రోజూ నాలుగింటికి అదే బెంచీ మీద కూర్చునేది. వాళ్లకి ముందే చెప్పాల్సినవి మూడున్నాయి. వెంటపడి ముద్దలు పెట్టడం ఇక్కడ ఎవరూ చెయ్యరు, ఆకలేస్తే పిల్లలే వచ్చి కూర్చుని తింటారు. వేరే పిల్లలకి జంతికలు, చాక్లెట్లు పెట్టాలంటే ముందు వాళ్ల అమ్మానాన్నలని అడగాలి, ఎలర్జీలు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, వేరే పిల్లలు ఫోటోలో పడకూడదు. ముద్దొచ్చి వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారంటే పెద్ద గొడవవుతుంది. వేసవిలో చిన్న పిల్లలు బట్టల్లేకుండా నీళ్లలో ఆడతారు కాబట్టి ఇంకా జాగ్రత్త.

పుట్టినరోజుకి పిలిచారు. పద్ధతేంటి?

మూడు నుంచి ఆరు అని రాస్తే మూడింటికే వెళ్లాలి, ఆరింటికి తీసుకురావాలి. బడి పిల్లలైతే దింపేసి వెళ్లిపోవడమే. అసలు రోజుకి ముందు శుభాకాంక్షలు చెప్పకండి, అశుభం అనుకుంటారు. టోప్ఫ్‌ష్లాగెన్ అనే ఆట ఉంటుంది, కళ్లకి గంతలు కట్టి చెక్క గరిటె ఇస్తారు, పిల్ల నేల మీద పాకుతూ బోర్లించిన గిన్నెని వెతికి కొట్టాలి. మన ఉట్టి నేల మీదికి దిగినట్టుంటుంది.

తెలుగు, కూచిపూడి, సంగీతం ఇవన్నీ?

సిలికానాంధ్ర మనబడి లాంటి తెలుగు తరగతులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. సంగీతం, నాట్యం ఊళ్లో నేర్పేవాళ్లు ఉంటారు, సంక్రాంతికో బతుకమ్మకో మనవాళ్లు కలిసినచోట అడిగితే తెలుస్తుంది. కానీ సోమవారం ఈత, మంగళవారం తెలుగు, బుధవారం నాట్యం అని వారమంతా నింపేయకండి. కొత్త దేశం, కొత్త భాష, పిల్లలు సాయంత్రానికి నిజంగా అలిసిపోతారు. మొదటి ఏడాది ఒక్క క్లాసు చాలు, మిగతా రోజులు ఇసుకకి వదిలేయండి.

నాలుగు నెలలైంది, మా పాప ఇంకా ఎవరితోనూ కలవట్లేదు. భయమేస్తోంది.

ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు మా మొదటి చలికాలం గుర్తొస్తుంది. కిటాలో టీచర్‌ని సూటిగా అడగండి, "ఈ మధ్య మా పాప ఎవరి పక్కన ఎక్కువ కూర్చుంటోంది" అని. స్నేహం అని అడిగితే ఎవరూ లేరంటారు, పక్కన ఎవరు అంటే ఒక పేరు కచ్చితంగా చెప్తారు. ఆ ఒక్క పిల్లని మీ ఇంటికి పిలవండి. పదిమందిని కాదు, ఒక్కరినే, రెండు గంటలకి. ఆ పిల్ల అమ్మకి చిన్న కాగితం రాసి కిటాలో ఆ పిల్ల కోటు తగిలించే కొక్కెం దగ్గర పెట్టండి, తేదీ, టైము, మీ ఫోన్ నంబరు.

మా ఇంటికి వచ్చిన పిల్ల మొదటి అరగంట తలుపు దగ్గరే నిలబడింది, మా పాప సోఫా వెనక. నేను చపాతీ పిండి కలిపి ఇద్దరి ముందూ చెరొక ముద్ద పెట్టి, అప్పడాల కర్ర ఒక్కటే ఇచ్చాను. కర్ర కోసం మాట్లాడుకోవాల్సి వచ్చింది. "ఇష్ బిన్ ద్రాన్" అని మా పాప అనడం అదే మొదటిసారి విన్నాను.